ఉప్పునీటి మొక్కకు మంచినీళ్లు

తొండుపల్లి,
జూన్ 2012

వేణక్కా,

ఎలా ఉన్నావని అడగను. కొత్త పెళ్లికూతురివి, బాగానే ఉంటావు. నేను బాగున్నానని రాస్తే అబద్ధం. బాగా లేనని రాస్తే నువ్వు అక్కడ దిగులు పెట్టుకుంటావు, అదీ నాకు ఇష్టం లేదు. కాబట్టి క్షేమ సమాచారాలు ఇక్కడితో సరి.

నీ ఫోను పనిచేయడం లేదు. ఈ నంబరు వాడుకలో లేదని ఒకావిడ మూడు భాషల్లో చెబుతోంది. ఆవిడతోనే మాట్లాడి మాట్లాడి విసుగొచ్చి, నువ్వు గోడ క్యాలెండరు వెనక రాసిపెట్టిన అడ్రసుకు ఈ ఉత్తరం రాస్తున్నాను. బడి మానేశాక ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఎదురుగా ఉంటే "ఏందక్కా, గిట్ల జేసినవ్?" అని ఒక్క మాటలో అడిగేదాన్ని. కలం పట్టుకుంటే మాత్రం పంతులు నేర్పిన తెలుగే వస్తోంది. నవ్వుకుంటే నవ్వుకో.

నాలుగేళ్లు ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నాం. మరిచిపోయి ఉంటే గుర్తు చేస్తాను. ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాది, విమానాలకు భోజనాలు కట్టే ఆ కిచెన్లో ఇద్దరం ఒకేసారి చేరాం. నువ్వు కోరంగి పక్క ఊరి నుంచి వచ్చి, నెత్తికి జాలీ టోపీ ఎలా పెట్టుకోవాలో తెలియక నన్ను అడిగావు. నాకూ తెలియదు. నేను అప్పటికి మొగుణ్ని పెద్దమనుషుల్లో తెంపుకుని వచ్చి, మా నాయన నా వాటాకు రాసిన ఈ రెండు రేకుల గదుల్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఒక గది నీకు కిరాయికి ఇచ్చాను. ఏ నెల నుంచో గాని, కిరాయి సంగతి ఇద్దరమూ మరిచిపోయాం. సమ్మె రోజుల్లో బస్సులు లేకపోతే హైవే పట్టుకుని నడిచి డ్యూటీకి పోయాం. కిచెన్లో ఎవరో నిన్ను "ఆంధ్రామె" అని ఎగతాళి చేస్తే, నేను వాళ్లతో వారం రోజులు మాట్లాడలేదు. నువ్వు మాత్రం ఆ మర్నాడే వాళ్లకు పులస కూర కబుర్లు చెప్పి నవ్వించావు. ఇదంతా లెక్క చెప్పడం కాదు. ఇంత ఉండి కూడా, పెట్టె సర్దుకున్నాక గానీ నాతో చెప్పలేదు నువ్వు. "మంజూ, మా మేనమామ సంబంధం కుదిర్చాడు, రేపు వెళ్తున్నాను" అన్నావు. రేపట! ఊళ్లో కల్లు తాగడానికి పిలిచేవాళ్లు కూడా రెండు రోజుల ముందు చెబుతారు.

పెళ్లికి వస్తానన్నాను. "గుళ్లో నలుగురి మధ్య కానిచ్చేస్తారు, అంత దూరం నువ్వేం వస్తావులే" అన్నావు. ఎందుకు రాను? నాకు కాళ్లు లేవా? మొగుణ్ని వదిలేసినదాని కాలు పెళ్లిపందిట్లో పడకూడదని అనుకున్నావేమో అని కూడా అనిపించింది. నువ్వు అలా అనుకునే మనిషివి కావు. తెలుసు. అయినా అనిపించింది. నిన్ను బస్సెక్కించి వచ్చి, నీ గదిలో కింద కూర్చుని ఏడ్చాను. అది చూసి మా ఈరమ్మ చిన్నమ్మ, "పెండ్లయి పోయిందానికి ఏడుస్తరా, సచ్చినోళ్లకు ఏడుస్తరు గని" అని కసిరింది.

పోతూ పోతూ ఆ అద్దాల తొట్టి నా నెత్తిన పెట్టావు. అసలు దాన్ని ఇంట్లోకి తెచ్చిన రోజే ఆపవలసింది. ఊరికి వెళ్లి, తడి తువ్వాలులో చుట్టి పొడుగాటి పచ్చని కాయ తెచ్చావు. చిన్నమ్మ తిప్పి తిప్పి చూసి, "గిది ములక్కాయ గదనే, చార్ల ఏసుడా?" అంది. "కాదు పిన్నిగారూ, మా ఏటి ఒడ్డుకి కొట్టుకొచ్చిన పొన్నకాయండి. మడచెట్టు పిల్ల. ఉప్పునీళ్లలోనే పెరుగుతుంది" అన్నావు. ముందు ఊరగాయ జాడీలో నిలబెట్టావు. తర్వాత శంషాబాద్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పారేస్తున్న చేపల తొట్టిని ఆటోలో వేసుకొచ్చావు. అడుగున ఇసుక, కిటికీ వెలుగు, పైన ట్యూబులైటు. మా దొడ్డుప్పు పనికిరాదని దుకాణం నుంచి సముద్రపు ఉప్పు ప్యాకెట్లు తెచ్చి నీళ్లలో కలిపేదానివి. ఇంట్లో ఉప్పు పెట్టుకుని ఉప్పు కొనేదాన్ని నిన్నొక్కదాన్నే చూశాను. కాయ నిలబడింది, ఆకులేసింది, ఇప్పుడు నడుము పక్క నుంచి ఒక వేరు కాలులా కిందికి దించుతోంది. నువ్వు వదిలిన నల్ల చేపలు రెండూ ఆ వేరు చుట్టూ తిరుగుతున్నాయి.

విమానం దిగేటప్పుడల్లా తొట్టిలో నీళ్లు వణుకుతాయి. నువ్వున్నప్పుడు కూడా వణికేవేమో, నేను గమనించలేదు. ఇప్పుడు చూడడానికి వేరే ఏమీ లేదు కదా. బియ్యం ఇంకా రెండు గ్లాసులే పోస్తున్నాను, చెయ్యి వినడం లేదు. మిగిలిన అన్నమే మర్నాడు తింటున్నాను. గది కిరాయికి ఇవ్వమని చిన్నమ్మ రోజూ పోరుతోంది. ఎయిర్‌పోర్టు పిల్లలు తలుపు కొట్టి అడిగి పోతున్నారు. మనిషి ఉందని చెప్పి పంపేస్తున్నాను.

ఎండలకు తొట్టిలో నీళ్లు బాగా తగ్గాయి. ఏం చేయాలో రాయి. మిగతావి నీకు రాయాలనిపిస్తే రాయి.

కోపం తగ్గని
నీ మంజుల

●

తాళ్లరేవు దగ్గర నుంచి,
ఆగస్టు 2012

మంజూ,

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదువుకున్నాను. తిట్టినా నీ గొంతే వినిపించింది, అందుకని బాగుంది.

నేను బాగానే ఉన్నాను. ఆయనా బాగానే ఉన్నారు. ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఏటికి ఎర్రనీళ్లు వచ్చాయి.

మొక్కకి కాలు దిగిందని రాశావు చూడు, ఆ మాటకి ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ వేరు ఇసుకలోకి వెళ్లేదాకా మొక్కని కదపకు. చివర చిగురు ఎప్పుడూ తుంచకు, తుంచితే మరి లేవదు. మీ వీధిలో కట్టే ఇళ్ల దుమ్మంతా ఆకుల మీదే పడుతుంది కదా, తడిగుడ్డతో తుడుస్తూ ఉండు. తొట్టి అద్దం మీద నేను గీసిన గీత ఉంది. నీళ్లు తగ్గినప్పుడల్లా ఆ గీత దాకా పోస్తూ ఉండు. అంతకంటే దానికి ఏమీ అక్కర్లేదు.

గది కిరాయికి ఇచ్చెయ్యి మంజూ. నా కోసం ఖాళీగా ఉంచకు. నీకూ ఒక మనిషి తోడు ఉండాలి. పిన్నిగారు చెప్పే మాటలు అప్పుడప్పుడు వింటూ ఉండు, ఆవిడ నీ మంచి కోరే మనిషే. బియ్యం ఒక గ్లాసు పోసుకో. చద్దన్నం రోజూ తింటే నీకు పడదు.

నిన్ను తలవని రోజు లేదు.

సత్యవేణి

●

తొండుపల్లి,
ఫిబ్రవరి 2013

వేణక్కా,

నీ ఉత్తరంలో మొక్క గురించి ఒక పేరా, మొగుడి గురించి ఒక ముక్క. ఆయన పేరేంటి? ఏం చేస్తాడు? నల్లగా ఉంటాడా, తెల్లగా ఉంటాడా? పొట్ట ఉందా? ఏదీ రాయలేదు. కొత్తగా పెళ్లయినవాళ్లు మొగుడి గురించి చెప్పడం మొదలుపెడితే మనం చెవులు మూసుకోవాలి. నువ్వేమో వానల గురించి రాశావు. నేను కుళ్లుకుంటానని దాచావనుకున్నాను. అందుకే ఇన్నాళ్లు జవాబు రాయలేదు.

ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మొక్క చావబోయింది. చంపబోయింది నేనే, చంపించబోయింది నువ్వు. "నీళ్లు తగ్గినప్పుడల్లా గీత దాకా పోస్తూ ఉండు" అని రాశావా? ఏ నీళ్లో రాశావా? సముద్రపు మొక్క కదా అని నేను ప్రతిసారీ దుకాణం ఉప్పు కలిపిన నీళ్లే పోశాను. నువ్వేం పోసేదానివో నేనెప్పుడైనా చూస్తే కదా, నేను పొద్దుటి షిఫ్టుకు పోయాక నీ తొట్టి సేవ మొదలయ్యేది. కొన్నాళ్లకు ఆకులు పసుపుపచ్చ తిరిగి ఒక్కొక్కటే రాలడం మొదలైంది. అద్దం అంచున తెల్లగా ఉప్పు పేరుకుంది. దానికి ఉప్పు చాలడం లేదేమో అనుకుని నేను ఇంకో గుప్పెడు వేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఒక చేప తేలిపోయింది. దాన్ని చేతిలో పెట్టుకుని దొడ్లో పూడుస్తుంటే, దీన్ని కూడా నిలుపుకోలేకపోయానే అని నా మీద నాకు అసహ్యం వేసింది.

ఒక ఆదివారం పొయ్యి మీద చారు పెట్టి, వాకిట్లో చిన్నమ్మతో మాటల్లో పడ్డాను. లోపలికి వచ్చేసరికి చారు మరిగి మరిగి సగమైంది. అలాగే వడ్డించాను. చిన్నమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏందే గిది, ఉప్పు గుమ్మరించినవా?" అంది. వేసింది ఎప్పటి ఉప్పే అన్నాను. "ఉప్పు గంతనే ఉంటది, నీళ్లే ఇగిరిపోతయ్. జర నీళ్లు పోసి మళ్ల పెట్టు, మంచిగైతది" అంది. నా ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. నాలుగేళ్లు వంటింట్లో పని చేసినదాన్ని, రోజూ చారు కాచుకునేదాన్ని, ఇంత చిన్న సంగతి తొట్టి దగ్గర తట్టలేదు. తొట్టిలో పోయేది ఉత్త నీళ్లే. ఉప్పు ఎక్కడికీ పోదు. దానికి కావలసింది మంచినీళ్లు.

ఆ రోజు నుంచి కొంచెం కొంచెంగా ఉప్పునీళ్లు తోడేస్తూ, ట్యాంకరు మంచినీళ్లు చెంబుతో పోస్తూ వచ్చాను. ఒక్కసారే పోస్తే మిగిలిన చేపకు దెబ్బ తగులుతుందని భయం. డ్యూటీలో ట్రేలు సర్దుతున్నా మనసు దాని మీదే. కొన్నాళ్లకు రాలడం ఆగింది. తర్వాత చివర చిగురు విచ్చి రెండు కొత్త ఆకులు వచ్చాయి. ఆ పూట ఎవరికి చెప్పాలో తెలియలేదక్కా. చిన్నమ్మకు చెబితే, "దానికి ఆకులొస్తె నీకేమొస్తది?" అంది. కిచెన్లో చెబితే పిచ్చిదనుకుంటారు. విన్నవెంటనే ఎగిరి గంతేసే మనిషివి నువ్వొక్కదానివే. నువ్వు లేవు. తొట్టి ముందు కూర్చుని ఆ చేపకే చెప్పాను.

ఇంకో సంగతి. చిన్నమ్మ మళ్లీ మహేశ్వరం యాదయ్య సంబంధం ఎత్తింది. భార్య పోయినవాడు, మోటార్లు బాగుచేసే షాపు ఉంది. నువ్వు ఇక్కడ ఉన్నప్పుడే ఒకసారి వచ్చిన సంబంధం అది. వద్దన్నాను. నీకు చెప్పాల్సినంత సంగతి కాదనుకుని చెప్పలేదు. ఇప్పుడూ వద్దనే అన్నాను. చిన్నమ్మ మూతి ముడుచుకుని పోయింది.

నేనొక నిర్ణయానికి వచ్చాను. ఈ మొక్క ఇక్కడ ఉన్నంతకాలం నువ్వు ఈ ఇంట్లోనే ఉన్నట్టు ఉంటుంది. పొద్దున లేస్తే ముందు దాని దగ్గరికే పోతాను. ఇలా ఎన్నాళ్లు? నాకు నిన్ను మరిచిపోవాలని ఉంది. కటువుగా ఉందా? ఉండనీ. మా దగ్గర ఆడపిల్ల పెళ్లయ్యాక పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. మొగుడూ పెళ్లాలను పీటల మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలు (మీ ఎండుకొబ్బరి చిప్పలు), ఖర్జూరాలు ఆమె ఒడిలో పోసి, ఇద్దరికీ బట్టలు పెడతారు. నీకు అమ్మ లేదు, నాన్న లేడు. ఉన్న ఒక్క తమ్ముడూ పట్టించుకోడు. ఈ తొండుపల్లి ఇల్లే నీ పుట్టిల్లు అనుకుని నేను తెస్తున్నాను. పోసే చెయ్యి ముత్తైదువది కావాలట, నాది పనికిరాదు కాబట్టి చిన్నమ్మను వెంటబెట్టుకుని వస్తున్నాను. మాఘం పోకముందే వస్తాం. బియ్యం నీ ఒడిలో పోయించి, మొక్క నీ చేతిలో పెట్టి, మీ ఆయన్ని ఒకసారి చూసి వచ్చేస్తాను. వచ్చాక గది కిరాయికి ఇచ్చేస్తాను. నీకూ నాకూ ఇక ఏ బాకీ ఉండదు.

ధోవతీ చాపు కొన్నాను. ఆయన పొడుగో పొట్టో తెలియదు, ధోవతి అయితే ఎవరికైనా సరిపోతుందని.

నీ మంజుల

●

తొండుపల్లి,
మార్చి 2013

వేణక్కా,

ఆ రోజు నీ గుమ్మం దిగి వెనక్కి చూడకుండా వచ్చాను. మళ్లీ నీకు ఒక్క అక్షరం కూడా రాయకూడదనుకున్నాను. కానీ నీకు తెలియని సంగతి ఒకటి నాకు తెలిసింది. అది చెప్పేదాకా నాకు నిద్ర పట్టదు. ముందు నీకు తెలిసిందే నా కళ్లతో చెప్పనీ, విను.

మొక్కను తడి ఇసుకతో బకెట్లో పెట్టి, గోనె చుట్టి రైలెక్కించాం. టికెట్లు చూసే ఆయన ఇదేం చెట్టని అడిగితే, చిన్నమ్మ "మా బిడ్డ అత్తగారింటికి సారె సారూ, దిష్టి పెట్టకు" అంది. ఆయన నవ్వి పోయాడు. దారి పొడుగునా చిన్నమ్మ హుషారు చెప్పలేను. సముద్రం చూస్తానని, నీ మొగుడి చేత చేపల కూర తెప్పించుకుని తింటానని ఒకటే వాగుడు. తాళ్లరేవు దాటి ఆటో దిగి, నీ అడ్రసు పట్టుకుని అడుగుతూ వచ్చాం. రొయ్యలు ఒలిచే షెడ్డు దగ్గర ఒకామెను, "సత్యవేణమ్మ అత్తగారి ఇల్లు ఎక్కడ?" అని అడిగాను. ఆమె చేతిలో పని ఆపి, నన్నూ, చిన్నమ్మనూ, బకెట్లో చెట్టునూ చూసింది. "సత్తేణికి అత్తగారేంటండీ బాబూ? పెళ్లయితే కదా! అదిగో, ఆ చివర బల్ల దగ్గరుంది చూడండి" అంది.

నువ్వు తల ఎత్తావు. చేతుల నిండా రొయ్యల పొట్టు. నన్ను చూసి లేచావు, మళ్లీ కూర్చున్నావు. ఆ క్షణాన నాకు నీ మీద జాలి కలగలేదు, ఒళ్లు మండిపోయింది. అంతా అబద్ధమేనా అనుకున్నాను. "ఆయనా బాగానే ఉన్నారు" అట! ఎవరా ఆయన?

నీ గది చూశాను. ఒక చాప, ఒక పొయ్యి, గోడకు మన కిచెన్లో అందరం దిగిన ఫోటో. ఎందుకిలా చేశావని అడిగితే, "సంబంధం తప్పిపోయింది మంజూ" అన్నావు. తప్పిపోతే తిరిగి రావాలి కదా అంటే, "ఏ మొహం పెట్టుకుని వస్తాను?" అని తల దించుకున్నావు. నేను నమ్మాను. నమ్మి, ఇంకా కోపం పెంచుకున్నాను. పెళ్లి తప్పితే నా దగ్గర మొహం చెల్లదా నీకు? మొగుడి దగ్గర దెబ్బలు తిని వచ్చిన నా మొహం నువ్వు నాలుగేళ్లు చూడలేదా?

తెచ్చిన బియ్యం వెనక్కి తీసుకుపోకూడదు. నిన్ను పీట మీద కూర్చోమన్నాను. నువ్వు కూర్చున్నావు. పక్క పీట ఖాళీ. చిన్నమ్మ బియ్యం గిన్నె పట్టుకుని నిలబడింది. "నాతోని కాదు" అని గిన్నె కింద పెట్టి బయటికి పోయింది. మొగుడు లేనిదానికి పోయడం తప్పని అలా చేసిందనుకుని, ఆ కోపం కూడా తలకెక్కింది. గిన్నె నేను తీసుకున్నాను. మొగుణ్ని విడిచిన చెయ్యి పోయకూడదో, పెళ్లి కాని ఒడి పట్టకూడదో, ఆ శాస్త్రాలన్నీ నా కాలికింద పెట్టి, దోసిళ్లతో నీ ఒడిలో పోశాను. నువ్వు కొంగు పట్టుకుని ఏడుస్తూనే ఉన్నావు. నేను ఒక్క మాట ఓదార్చలేదు. "ఒడిబియ్యం ఒక్కదానివే తినకూడదు, వండి నీవాళ్లను పదిమందిని పిలిచి పెట్టుకో" అని మాత్రం చెప్పాను, అప్పజెప్పినట్టు. నువ్వు మొక్కను ఏటి ఒడ్డుకు తీసుకుపోయి బురదలో నాటుతుంటే, సాయం కూడా పట్టలేదు. ఒడ్డు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాను. తెచ్చింది ఇచ్చేశాను, అయిపోయింది అనుకుంటూ.

ఇక నీకు తెలియనిది.

తిరుగు రైల్లో చిన్నమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంత వాగేది, మంచినీళ్లు కూడా అడగలేదు. సికింద్రాబాద్‌లో దిగి, శంషాబాద్ బస్సెక్కాం. ఆరాంఘర్ దాటాక నా చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, గామె పెండ్లి తప్పిపోలే. పెండ్లే లేకుండె. అంత నాతోనే అయింది" అంది. నాకు అర్థం కాలేదు. గగన్‌పహాడ్ ఫ్యాక్టరీల దగ్గర బస్సు ఆగి జనం దిగుతున్నారు, ఆమె ఏడుస్తూ చెబుతోంది. "యాదయ్య సంబంధం నువ్వు వద్దన్ననాడు నాకు కడుపు మండింది. నువ్వు డ్యూటీల ఉంటే, పోయి గామెతోని అన్న. 'నీకు తోడు దొరికింది గని, నీవల్ల నా బిడ్డ ఇల్లు నిలబడుత లేదు. నువ్వు ఉన్నన్ని దినాలు అది ఎవ్వర్ని చేసుకోదు. నువ్వు పోతెనే దాని బతుకు బాగైతది' అన్న. గామె నాకు చాయ పోసి ఇచ్చింది. పది దినాలకు పెండ్లి అని పోయింది. దేవుడు నా మొర ఇన్నడు, ఇద్దరి బతుకులు బాగైనయ్ అనుకున్న. గాడ గామెను రొయ్యల కాడ జూసినంక, నా పానం పోయినట్టయింది. గీ చేతులతోని బియ్యం ఎట్ల పోస్తనే నేను?"

నేను ఆమెను ఏమీ అనలేదక్కా. అనాలంటే ముందు నిన్ను అనాలి. నన్ను అడగవచ్చు కదా! "యాదయ్యను నా కోసమే వద్దన్నావా?" అని ఒక్క మాట! నేను చెప్పేదాన్ని. నీ కోసం కాదు. నాకు మళ్లీ మొగుడు వద్దు. ఆ సంసారం ఒకసారి చేశాను, చాలు. నువ్వు రాకముందూ వద్దు, నువ్వు పోయాకా వద్దు. నాకు కావలసింది పొద్దున లేస్తే "మంజూ, చాయ్ పెట్టావా" అని అడిగే గొంతు. అది నాకు దొరికింది, హాయిగా ఉన్నాను. నా బతుకు బాగుచేస్తానని దాన్ని తీసుకుపోయావు. నేనేమో నువ్వు పోయిన దగ్గర నుంచి నీ మీద కోపం మీద కోపం వేసుకుంటూ వచ్చాను. తొట్టిలో ఉప్పు వేసినట్టే. అసలు మన దగ్గర తగ్గింది అది కానే కాదు.

తొట్టి బోసిగా ఉంది. మొక్క ఉన్నచోట ఇసుకలో గుంట ఉంది. నల్ల చేపను పక్కింటివాళ్ల నీళ్ల గాబులో వేద్దామనుకుని కూడా వేయలేదు, అదే తొట్టిలో ఒక్కటే తిరుగుతోంది. గది కిరాయికి ఇవ్వడానికి మనిషిని మాట్లాడాను, వచ్చే నెల చేరతానంది. ఒప్పుకున్నాను గానీ, సామాను తెచ్చుకోమని ఇంకా చెప్పలేదు.

రమ్మని రాయను. నువ్వు పోయింది నా కోసం. నా కోసమే రా అని అడిగితే మళ్లీ నా మాటే అవుతుంది. నీకు ఏది కావాలో ఈసారి నువ్వు చెప్పు. కాకపోతే ఒకటి, ఆ బియ్యం మాత్రం ముక్కిపోనివ్వకు. వండుకో.

నీ మంజుల

●

తాళ్లరేవు దగ్గర నుంచి,
ఏప్రిల్ 2013

మంజూ,

మొక్క బతికింది. బురదలో నాటాక ఉన్న ఆకులన్నీ రాల్చేసింది. రోజూ పని అయ్యాక వెళ్లి చూసేదాన్ని. ఇవాళ కొత్త ఆకులు విచ్చుకున్నాయి. చుట్టూ దాని జాతివే వందల చెట్లు. ఇక దానికి నేనూ అక్కర్లేదు, నువ్వూ అక్కర్లేదు.

పిన్నిగారిని ఏమీ అనకు. ఆవిడ అన్నది నిజమని నాకూ అనిపించింది, అందుకే వచ్చేశాను. నిన్ను అడిగితే వెళ్లనివ్వవని అడగలేదు. ఆ "ఆయన" అనే మాట రాయడానికి ఎంతసేపు పట్టిందో నీకు తెలియదు.

నాకేది కావాలో చెప్పమన్నావు. ఇంతవరకు నన్ను ఎవరూ అలా అడగలేదు. చెప్తున్నాను, విను.

నువ్వు పోసిన బియ్యం మూట ఇంకా విప్పలేదు. ఒక్కదాన్నే తినకూడదన్నావు. నావాళ్లను పదిమందిని పిలిచి పెట్టుకోమన్నావు. ఇక్కడ లెక్కపెట్టి చూసుకున్నాను. నావాళ్లంటూ ఉంటే మీ వీధిలోనే ఉన్నారు, మన కిచెన్లోనే ఉన్నారు. కుడుకలు మెత్తబడుతున్నాయి, ఇంకా ఆగితే పురుగు పట్టేలా ఉంది.

షెడ్డులో లెక్క తేల్చుకున్నాను. మూట తెస్తున్నాను. మన పొయ్యి మీదే వండుకుందాం, మొదటి ముద్ద పిన్నిగారికి పెడదాం. ధోవతీ కూడా తెస్తున్నాను, యాదయ్యగారికి ఎక్కడైనా సంబంధం కుదిరితే పెళ్లికి చదివిద్దువుగాని.

నిన్న ఒడ్డుకి ఒక పొన్నకాయ కొట్టుకొచ్చింది. తడి తువ్వాలులో చుట్టాను. తొట్టిలో ఉప్పేమీ కలపకు, నేను వచ్చి చూసుకుంటాను. చేపకి నీళ్లు తగ్గితే మాత్రం మంచినీళ్లు పోస్తూ ఉండు.

శనివారం పొద్దున దిగుతాను. ఆ వేళకి నువ్వు డ్యూటీలో ఉంటావేమో. తాళంచెవి పాత చోటే పెట్టు. ఆ కొత్తమ్మాయికి వేరే గది చూసుకోమని చెప్పు. బియ్యం రెండు గ్లాసులు పోయి.

నీ వేణక్క